యార్కు వర్తక సంఘ మందిరం – ఆరున్నర శతాబ్దాల కొయ్య కప్పు

మనిషికి కావలసినవి కూడు, గుడ్డ, గూడు అని పెద్దలు చెబుతారు. గూడు అనగానే మనకు ముందుగా గోడలు గుర్తుకు వస్తాయి. నిజానికి గూడంటే కప్పే. గోడలు లేని పందిరి కింద కాపురం వెళ్లదీసినవారు ఎందరో ఉన్నారు గాని, కప్పులేని నాలుగు గోడల మధ్య వానాకాలం గడిపినవారు ఉండరు. ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరినప్పుడు నేను ఒక కప్పు గురించే రాయాలని నిశ్చయించుకున్నాను. అది మన దేశానిది కాదు. ఉత్తర ఇంగ్లండులోని యార్కు నగరంలో 1357లో మొదలుపెట్టి ఇంచుమించు ఐదేళ్లలో పూర్తిచేసిన వర్తక సంఘ మందిరం మీది కొయ్య కప్పు. ఆనాటి ఓక్ దూలాలే ఈనాటికీ దానిని మోస్తున్నాయి.

మనకు దీనితో ఏమి పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. ఆ కప్పు కింద వర్తకులు మాత్రమే కూర్చోలేదు. దాని అడుగు అంతస్తులో దిక్కులేని వృద్ధులు, రోగులు ఐదు శతాబ్దాలకు పైగా తలదాచుకున్నారు. పింఛను అనే మాట కార్యాలయాల్లో పుట్టకముందే, సంఘంగా కూడిన మనుషులు వృద్ధాప్యానికి ఏ ఏర్పాటు చేసుకున్నారో చెప్పే సాక్ష్యం ఆ భవనం. కాబట్టి పింఛనుదారులమైన మనకు అది పరాయి విషయం కాదని నా మనవి.

గిల్డు అంటే ఏమిటి?

మధ్యయుగపు ఇంగ్లండులో గిల్డు అంటే సంఘం. ఒకే వ్యాపారం చేసేవారు గాని, ఒకే వృత్తివారు గాని, ఒకే దేవాలయానికి చెందిన భక్తులు గాని చందాలు వేసుకొని ఏర్పరచుకున్న సంఘం. తూకాలు, ధరలు, పనివాడి నాణ్యత చూడటం ఒక పని. సభ్యుడు చనిపోతే అంత్యక్రియలకు హాజరు కావడం, ఆత్మశాంతికి ప్రార్థనలు చేయించడం రెండవ పని. కష్టంలో పడిన సభ్యుణ్ణి ఆదుకోవడం మూడవ పని. లడ్లో అనే ఊరిలోని పామర్ల గిల్డు 13వ శతాబ్దంలోనే నియమావళి రాసుకున్నది. దొంగతనం, అగ్నిప్రమాదం, ఓడ మునగడం, ఇల్లు కూలడం వంటి ఆపదలతో సభ్యుడు చితికిపోతే సంఘం సొమ్ములో నుంచి సాయం చేయాలన్నది అందులో ఒక నియమం. మూడుసార్ల దాకా చేయవచ్చునట. నాలుగవసారికి మాత్రం సంఘం బాధ్యత లేదు. నియమాలు రాసినవారికి దయతోపాటు లెక్క కూడా తెలుసునని దీనివల్ల స్పష్టమవుతున్నది.

సంఘం అన్న తర్వాత కూర్చోవడానికి చోటు కావాలి. సమావేశం జరగాలి, జమాఖర్చులు చదవాలి, ఏడాదికొకసారి కలిసి భోజనం చేయాలి. ఆ అవసరం నుంచే గిల్డు హాళ్లు పుట్టాయి.

మహమ్మారి తర్వాత కట్టిన భవనం

1348, 1349 సంవత్సరాలలో ప్లేగు మహమ్మారి ఇంగ్లండును ఊడ్చివేసింది. దేశ జనాభాలో మూడోవంతు నుంచి సగం దాకా పోయి ఉంటారని చరిత్రకారుల అంచనా. పనివాళ్లు కరువై కూలి రేట్లు పెరిగాయి. పాత రేట్లకే పని చేయాలని 1351లో చట్టం చేశారు గాని అది ఆశించినట్లు అమలు కాలేదు. అటువంటి రోజులలో, మహమ్మారి వెళ్లి పదేళ్లయినా కాకముందే, యార్కు వర్తకులు ఇంత పెద్ద నిర్మాణానికి పూనుకున్నారు. చేతిలో డబ్బు ఉండటానికి కారణం ఉన్ని, ఊలు బట్టల వ్యాపారం. ఊరి నదిలో నుంచి సముద్రం చేరి ఐరోపా రేవులకు వారి సరకు వెళ్లేది.

1357లో మూడవ ఎడ్వర్డు రాజు అనుమతితో ఏర్పడిన ఈ సంఘం మొదట ఏసుప్రభువు, మరియమాతల పేరిట వెలసిన భక్తసంఘం. స్త్రీలు కూడా ఇందులో సభ్యులే. 1430లో ఆరవ హెన్రీ రాజు ఇచ్చిన పత్రంతో ఇది వస్త్రవర్తకుల సంఘంగా మారింది. 1581లో ఎలిజబెత్ రాణి ఇచ్చిన పత్రంతో సముద్రాలు దాటి వ్యాపారం చేసే సాహస వర్తకుల కంపెనీ అయింది. ఆ పేరుతోనే నేటికీ నడుస్తున్నది. పేర్లు మూడు మారినా ఇల్లు ఒకటే.

భవనంలో మూడు భాగాలున్నాయి. పైన సుమారు 90 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు గల మహాసభామందిరం. దాని కింద రాతి, ఇటుక గోడల అడుగు అంతస్తు. ఆ అంతస్తును ఆనుకొని చిన్న ప్రార్థనాలయం. పైన వ్యాపారం, కింద ఆసుపత్రి, పక్కన దేవుడు. ఆసుపత్రి అంటే నేటి అర్థంలో వైద్యశాల కాదు, పేదలకు, వృద్ధులకు, రోగులకు ఆశ్రయం. 16వ శతాబ్దంలో మతమార్పులు వచ్చి, 1547 చట్టంతో భక్తసంఘాల ఆస్తులు అనేకం రాజు ఖజానాకు చేరినప్పుడు కూడా ఈ ఆశ్రయం నిలిచింది. 1900 సంవత్సరం దాకా నడిచింది.

కప్పు నిలబడిన తీరు

ఇక అసలు విషయానికి వస్తాను. మన పెంకుటిళ్లను చూసి పెరిగిన వారికి ఇది సులభంగానే బోధపడుతుంది.

వాలుకప్పుకు ప్రాణం జంట వాసాలు. రెండు వాసాలు పైన తలలు కలుపుకొని, కింద కాళ్లు దూరంగా పెట్టుకొని నిలుస్తాయి. పైన పెంకుల బరువు పడగానే కాళ్లు బయటికి జారజూస్తాయి. జారితే గోడలను నెడతాయి, గోడలు విచ్చుకుంటాయి. కాబట్టి ఒక గోడ నుంచి రెండవ గోడకు అడ్డదూలం వేసి రెండింటినీ పట్టి ఉంచాలి. చూడటానికి దూలం బరువు మోస్తున్నట్లు ఉంటుంది గాని, దాని ముఖ్యమైన పని గోడలను లోపలికి లాగి పట్టుకోవడం.

మన ఇళ్లలో కొప్పు దగ్గర ఒక దూలం పొడవునా పరచి, దాని మీద వాసాలు ఆనిస్తాం. ఆ కాలపు ఇంగ్లీషు వడ్రంగులు ఈ తరహా కప్పులో సాధారణంగా కొప్పు దూలం వేయరు. వాసాల జంటను తలల దగ్గర ఒకదానిలో ఒకటి కూర్చి చీల కొడతారు. జంటకు నడుమ, సగం ఎత్తుకు పైన, ఒక అడ్డుకర్ర బిగిస్తారు. ఇలాంటి జంటలు వరుసగా పదుల సంఖ్యలో నిలబడతాయి. ప్రతి జంటా తనమట్టుకు గట్టిదే. కాని పక్కవాటితో సంబంధం లేకపోతే గట్టిగాలికి పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి వాలిపోతాయి.

దీనికి వారు కనిపెట్టిన ఉపాయం ఇది. అడ్డదూలం నడిమధ్యన ఒక పొట్టి స్తంభం నిలబెడతారు. దాని తల మీదుగా భవనం పొడవునా ఒక దూలం పోతుంది. వాసాల అడ్డుకర్రలన్నీ వరుసగా ఆ దూలం మీద ఆనుకుంటాయి. స్తంభం తల దగ్గర నుంచి వంపు తిరిగిన ఊతకర్రలు కొమ్మల్లా చీలి, దూలాన్నీ అడ్డుకర్రనూ పట్టుకుంటాయి. దీనితో జంటలన్నీ ఒక కట్టులోకి వస్తాయి. ఆ పొట్టి స్తంభాన్ని వారు క్రౌన్ పోస్టు అంటారు, మనం కిరీట స్తంభం అనుకోవచ్చు. యార్కు మందిరంలో ఈ కిరీట స్తంభాలను తల ఎత్తి చూస్తే స్పష్టంగా లెక్కపెట్టవచ్చు.

మరి 40 అడుగుల వెడల్పును ఎలా దాటారు? అంత పొడవైన, బలమైన ఓక్ దూలాలు డజన్ల కొద్దీ దొరకడం కష్టం. దొరికినా నడుమ వంగుతాయి. అందుచేత యార్కు వడ్రంగులు మందిరం నడుమ పొడవునా పెద్ద ఓక్ స్తంభాల వరుస ఒకటి నిలబెట్టి, ఒకే పెద్ద కప్పుకు బదులు పక్కపక్కన రెండు కప్పులు వేశారు. బయటి నుంచి చూస్తే రెండు ఇళ్లు భుజం భుజం కలిపి నిలుచున్నట్లు రెండు త్రికోణాలు కనిపిస్తాయి. సభలో నడుమ స్తంభాలు అడ్డం వచ్చే మాట నిజమే. రెండు కప్పుల వాననీరు నడిమి లోయలో కలుస్తుంది కనుక ఆ చోటును ఏటా కనిపెట్టుకొని ఉండాలి. అయినా ఊళ్లో దొరికే కలపతో, ఊళ్లో ఉన్న పనివారితో, సంఘం సొమ్ముతో సాధ్యమైన పని అది.

ఇదే సమస్యను నలభై ఏళ్ల లోపలే లండనులో వేరు విధంగా తీర్చారు. రెండవ రిచర్డు రాజు వెస్ట్‌మినిస్టర్ హాలుకు 1393లో కొత్త కప్పు మొదలుపెట్టించాడు. హ్యూ హెర్లండ్ అనే రాజ వడ్రంగి నడుమ ఒక్క స్తంభమైనా లేకుండా 68 అడుగుల వెడల్పును దాటించాడు. గోడల నుంచి చేతుల్లా ముందుకు వచ్చిన పొట్టి దూలాల మీద కమానులు నిలిపాడు. అది ప్రపంచ ప్రసిద్ధి పొందిన పని. కాని దాని వెనుక రాజు ఖజానా ఉన్నది. యార్కు కప్పు వెనుక ఉన్నది సభ్యుల చందా.

యార్కులో మరొక విశేషం ఉన్నది. సభామందిరం కింది అంతస్తులో కూడా ఓక్ స్తంభాల వరుస ఉంది. పై కప్పు బరువు మందిరంలోని స్తంభాల మీదికి, అక్కడి నుంచి నేలదూలాల ద్వారా కింది స్తంభాల మీదికి, చివరకు భూమికి చేరుతుంది. అంటే వర్తకుల తలపైనున్న బరువు పేదల పడకల నడుమ నుంచి నేలకు దిగేది.

పచ్చి కొయ్య, ఎండు చీల

మనం టేకును ఏళ్ల తరబడి ఎండబెట్టి వాడతాం. మధ్యయుగపు ఇంగ్లీషు వడ్రంగులు ఓక్ చెట్టును కొట్టిన కొద్దికాలానికే, పచ్చిగా ఉండగానే చెక్కేవారు. ఎండిన ఓక్ ఇనుములా గట్టిపడి ఉలికి లొంగదు. పచ్చిది సులభంగా తెగుతుంది. గొడ్డలితో నాలుగు పలకలు చేసి, బాడిసతో నునుపు చేసేవారు. పలకలు కోయవలసి వస్తే గుంట తవ్వి, పైన ఒకరు కింద ఒకరు నిలబడి పెద్ద రంపంతో కోసేవారు.

ఒక కొయ్య చివరను నాలుకలా చెక్కి, రెండవ కొయ్యలో దానికి సరిపడా గాడి తొలిచి, రెండింటినీ కూర్చి అడ్డంగా రంధ్రం చేసి కొయ్య చీల దిగగొట్టడం వారి పద్ధతి. ఇనుప మేకులు కాదు. ఓక్‌లో వగరు పదార్థం ఎక్కువ, తడి తగిలితే అది ఇనుమును తినివేస్తుంది. చీలలో మరొక కిటుకు ఉన్నది. గాడిలోని రంధ్రాన్ని, నాలుకలోని రంధ్రాన్ని సరిగ్గా ఎదురెదురుగా చేయరు. వెంట్రుకవాసి పక్కకు జరిపి చేస్తారు. చీల దిగుతున్న కొద్దీ రెండు కొయ్యలనూ దగ్గరకు లాగుతుంది. చీల ఎండినది, దూలం పచ్చిది. దూలం ఏళ్ల తరబడి ఆరుతూ కుంచించుకొని చీలను మరింత బిగపడుతుంది. పాత ఓక్ భవనాలు కొంచెం వంగి, మెలిపడి కనిపించడానికి కారణం కూడా ఈ ఆరటమే. అది కూలిపోయే లక్షణం కాదు.

ఆ కాలంలో పెద్ద కప్పును నేరుగా గోడల మీద తయారుచేసేవారు కారు. ముందుగా ఒక దొడ్లో నేల మీద పరచి అంతా కూర్చి చూసుకునేవారు. వెస్ట్‌మినిస్టర్ కప్పును సర్రీలోని ఫార్నమ్ దగ్గర కూర్చి, విప్పి, బండ్ల మీద, పడవల మీద లండను చేర్చారు. విప్పిన కొయ్యలు కలగాపులగం కాకుండా ప్రతి కీలు దగ్గర ఉలితో రోమను అంకెలు గీసేవారు. రెండున్న కొయ్య రెండున్న దానితో, ఏడున్నది ఏడున్న దానితో కలవాలి. ఆ అంకెల్లో నిలువు, వాలు గీతలే తప్ప వంపులు లేవు కనుక ఉలి రెండు మూడు దెబ్బలకే పడతాయి. ఫైలుకు నంబరు వేయడంలో మనం పడ్డ శ్రమ తెలిసినవారికి ఈ పద్ధతిలోని తెలివి వేరే చెప్పనవసరం లేదు.

వడ్రంగుల పింఛను

కప్పు కట్టినవారి సంగతి కూడా చెప్పాలి. యార్కు వడ్రంగులకు వేరే సంఘం ఉండేది. 1482లో వారు రాసుకున్న నియమాలలో ఒకటి నన్ను ఎంతో ఆకర్షించింది. సభ్యుడు పని చేయలేని స్థితికి వచ్చినా, గుడ్డివాడైనా, ఆపద వల్ల ఆస్తి పోగొట్టుకున్నా, బతికి ఉన్నంతకాలం వారానికి 4 పెన్నీలు సంఘం ఇవ్వాలి. అయితే అంతవరకు నియమాలను సక్రమంగా పాటించినవాడై ఉండాలి. అంటే సర్వీసు తృప్తికరంగా ఉండాలన్న మాట!

ఆ కాలంలో ఇంగ్లండులో నిపుణుడైన వడ్రంగి రోజుకూలి సుమారు 5, 6 పెన్నీలు. వారమంతటికీ ఇచ్చే పింఛను ఒక్కరోజు కూలి కన్నా తక్కువే. దానితో కడుపునిండా తిన్నారని చెప్పలేం. కాని యాభై అడుగుల ఎత్తున దూలం మీద కూర్చొని చీల కొట్టేవాడికి, కాలు జారితే తనవాళ్లు పూర్తిగా వదిలివేయరన్న భరోసా ఎంత అవసరమో మనం ఊహించగలం. అందులోనూ ఆ సొమ్ము పైవారి దయ కాదు. చేతులు పనిచేసినన్నాళ్లు అతడు కూడా వేసిన చందాలోనిది.

కాలిపోయిన కప్పులు

అన్ని గిల్డు హాళ్లకూ ఈ అదృష్టం పట్టలేదు. లండను నగరపు గిల్డు హాలు నిర్మాణం 1411లో మొదలైంది. 1666 మహాగ్నిలో కప్పు కాలిపోయి రాతిగోడలు మిగిలాయి. 1860లలో కొత్త కొయ్య కప్పు వేశారు. 1940 డిసెంబరు 29 రాత్రి జర్మను విమానాల నిప్పుబాంబులకు అదీ కాలిపోయింది. ఇప్పుడున్న కప్పు యుద్ధానంతరం సర్ గైల్స్ గిల్బర్ట్ స్కాట్ రూపొందించినది, 1954లో పూర్తయింది.

యార్కులోనే నది ఒడ్డున నగర గిల్డు హాలు మరొకటి ఉన్నది. 15వ శతాబ్దం మధ్యలో నగర పాలకులు, సెయింట్ క్రిస్టఫర్ గిల్డు కలిసి కట్టించినది. ఒక్కొక్కటి ఒకే చెట్టు నుంచి తీసిన ఓక్ స్తంభాల వరుసలు దాని కప్పును మోసేవి. 1942 ఏప్రిల్ 29 తెల్లవారుజామున జరిగిన బాంబుదాడిలో ఆ కప్పు, ఆ స్తంభాలు బూడిద అయ్యాయి. అదే నమూనాలో తిరిగి కట్టి 1960లో తెరిచారు. చూడటానికి చక్కగానే ఉంటుంది గాని దూలాలు కొత్తవి. అదే ఊళ్లో, అదే రాత్రి, కొద్ది దూరంలో ఉన్న వర్తకుల మందిరం దక్కింది.

దక్కిందంటే అదృష్టం ఒక్కటే కారణం కాదు. దానిని ఎప్పుడూ ఎవరో ఒకరు వాడుతూనే ఉన్నారు. వాడే ఇంటికి మరమ్మతు జరుగుతుంది. 20వ శతాబ్దం తొలి దశకాల్లో మాడ్ సెల్లర్స్ అనే చరిత్రకారిణి కంపెనీ దస్తరాలను క్రమబద్ధం చేసింది. 1356 నుంచి ఉన్న సంఘ పత్రాలను 1918లో పుస్తకంగా అచ్చువేయించింది. భవనం పునరుద్ధరణకు కూడా పట్టుదలగా కృషి చేసింది. కప్పు కాగితాలను కాపాడింది, కాగితాలు కప్పు విలువను లోకానికి చెప్పాయి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పకుండా ఉండలేను. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో రికార్డు గది మీద పెంకులు జారి రెండు వర్షాకాలాలు నీరు కారింది. మరమ్మతుకు రాసిన కాగితాలు పైకీ కిందికీ తిరుగుతూనే ఉన్నాయి. ఒక ఏడాది తుపానుకు కింది అరలోని సర్వీసు రిజిస్టర్లు తడిసి ముద్దయ్యాయి. వాటిలో అప్పుడే రిటైరయిన ఒక అటెండరు గారిది కూడా ఉంది. చెరిగిపోయిన పేజీల సర్వీసును రుజువు చేసుకోవడానికి ఆయన పాత జీతాల బిల్లులు వెతికించుకుంటూ పద్నాలుగు నెలలు తిరిగారు. అన్నాళ్లూ పింఛను లేదు. పదిహేను పెంకులు మార్చి ఉంటే సరిపోయేది. 2014లో మా అమ్మాయి వాళ్లు లీడ్స్‌లో ఉండగా యార్కు వెళ్లి ఆ మందిరంలో నిలబడినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చినది ఆ అటెండరు గారే.

ఫ్రాన్సులో 2019లో కాలిపోయిన నోత్రదామ్ చర్చి కప్పును తిరిగి కట్టేటప్పుడు పచ్చి ఓక్ దుంగలను గొడ్డలితోనే చెక్కి, పాత పద్ధతిలోనే కూర్చారు. 2024 డిసెంబరులో ఆ చర్చి తెరుచుకున్నది. పాత విద్య తెలిసిన వడ్రంగులు ఇంకా ఉన్నారు కనుకనే అది సాధ్యమయింది. ఆ విద్యకు పాఠ్యపుస్తకాలు యార్కు వంటి చోట్ల దూలాల రూపంలో నిలిచి ఉన్నాయి.

మన సభ్యులలో చాలామంది పిల్లలు ఇప్పుడు ఇంగ్లండులో ఉద్యోగాలు చేస్తున్నారు. వారి దగ్గరకు వెళ్లినప్పుడు లండను చూడటంతో సరిపెట్టుకోక, వీలైతే యార్కు కూడా వెళ్లండి. మందిరం సందర్శకులకు తెరిచే ఉంటుంది. పైన మహాసభామందిరంలో కాసేపు కూర్చొని, మెడ నొప్పి పుట్టకుండా నెమ్మదిగా కప్పు చూడండి. తర్వాత తప్పకుండా కింది అంతస్తుకు దిగి, వృద్ధులు పడుకున్న చోటు కూడా చూసి రండి. పిల్లలు వెంట ఉంటే ఏ స్తంభం బరువు ఏ స్తంభం మీదికి దిగుతున్నదో వారికి చూపించండి.